కంప్యూటర్‌లో కార్చిచ్చు!

నిప్పు పుట్టకముందే అది ఎటు పోతుందో తెలిస్తే? ఏ కొండ మీద పొదలు తీసేస్తే ఏ ఊరు దక్కుతుందో ముందే లెక్క కట్టగలిగితే? ఆ లెక్క కోసమే శాస్త్రవేత్తలు అడవిని ఉత్తుత్తిగా వేలసార్లు తగలబెట్టి చూస్తున్నారు.

అడవి అంటుకుంది. కొండ వాలులో రాలిన నిప్పురవ్వ గడ్డిలోంచి పొదల్లోకి, పొదల్లోంచి కొమ్మల్లోకి ఎగబాకింది. గాలి తోడై లోయ దాటింది. సాయంత్రానికి ఊరి పొలిమేరకు వచ్చేసింది. ఇళ్లు బుగ్గిపాలయ్యాయి. అంతలో ఎవరో మీట నొక్కారు... అంతే, అడవి మళ్లీ పచ్చగా నిలబడింది. ఈసారి గాలి దిక్కు మార్చి ఇంకోచోట నిప్పు పెట్టారు. తర్వాత కొండ కింద పొదలు తీసేసి మళ్లీ పెట్టారు. అలా వందలు, వేలసార్లు!

ఇదేదో పిల్లలాడే వీడియోగేమ్ అనుకునేరు. అమెరికా, ఆస్ట్రేలియాల్లో అడవుల్ని చూసుకునే అధికారులు పనులు మొదలెట్టే ముందు చేసే కసరత్తు ఇది. చేతిలో ఉన్న మనుషులు కొద్దిమంది. డబ్బు అంతకన్నా కొద్ది. అడవి చూస్తే లక్షల ఎకరాలు. ఆ కాస్త బలగాన్నీ ఎక్కడ దింపాలి? ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి వాళ్లకు దాదాపు వందేళ్లు పట్టింది. ఆ దారిలో చాలా ప్రాణాలే పోయాయి.

ఆర్పేకొద్దీ పేరుకుంది

1910 ఆగస్టు 20, 21 తేదీల్లో అమెరికాలోని ఇడాహో, మోంటానా ప్రాంతాల్లో పెనుగాలులకు చిన్నాచితకా మంటలన్నీ ఏకమయ్యాయి. రెండు రోజుల్లో సుమారు 30 లక్షల ఎకరాలు కాలిపోయింది. కనీసం 85 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది మంటలార్పడానికి వెళ్లినవాళ్లే. అప్పటికి అమెరికా అటవీ శాఖ పుట్టి అయిదేళ్లే. ఆ దెబ్బతో ‘నిప్పు అన్నదే అడవికి శత్రువు’ అని శాఖ తీర్మానించుకుంది. 1935లో అయితే ఏకంగా గడువే పెట్టేసింది. ఎక్కడ మంట కనిపించినా మర్నాడు పొద్దున పదింటికల్లా అదుపులోకి రావాల్సిందే! 1944లో టోపీ పెట్టుకున్న ‘స్మోకీ బేర్’ అనే ఎలుగుబంటి బొమ్మను ప్రచారంలోకి తెచ్చి, చిన్నపిల్లలకు కూడా అదే పాఠం చెప్పారు.

మంచి పనే కదా అనిపిస్తుంది. చిక్కంతా అక్కడే వచ్చింది. అమెరికా పడమటి కొండల్లోని పాండెరోసా పైన్ అడవులు నిప్పుతో కలిసి బతకడానికి అలవాటు పడినవి. కొన్నేళ్లకోసారి మెరుపు వల్లో, స్థానిక తెగలవాళ్లు కావాలని అంటించడం వల్లో నేల మీది చెత్త కాలిపోయేది. మందపాటి బెరడున్న పెద్ద చెట్లకు ఏమీ అయ్యేది కాదు. పాత చెట్ల మొదళ్లను కోసి చూస్తే వలయాల మధ్య ఆ మచ్చలు ఇప్పటికీ కనిపిస్తాయి. చెట్టు డైరీ రాసుకున్నట్టు!

ప్రతి మంటనూ ఆర్పేయడం మొదలెట్టాక ఆ చెత్త అలాగే పేరుకుపోయింది. పెద్ద చెట్ల కింద చిన్న చెట్లు గుంపులు గుంపులుగా లేచాయి. నేల మీది మంట పైకొమ్మల దాకా పాకడానికి అవి నిచ్చెనలయ్యాయి. వందసార్లు చిన్నగా కాలాల్సింది కాస్తా ఒక్కసారి పెద్దగా కాలడానికి సిద్ధమైంది. అలాంటి మంటను మందపాటి బెరడు కూడా తట్టుకోలేదు. వెయ్యేళ్లకు పైబడి బతికే కాలిఫోర్నియా సెకోయా మహావృక్షాలే సాక్ష్యం. నిప్పు వేడికి కాయలు విచ్చుకుని విత్తనాలు రాల్చే చెట్లవి. 2020లో వచ్చిన ఒక్క కాజిల్ కార్చిచ్చులోనే ప్రపంచంలోని పెద్ద సెకోయాల్లో నూటికి 10 నుంచి 14 వరకూ చనిపోయాయని అంచనా.

పదమూడు ప్రాణాలు అడిగిన ప్రశ్న

1949 ఆగస్టు 5. మోంటానాలోని మాన్ గల్చ్ అనే ఇరుకు లోయలో పొగ కనిపించింది. విమానంలోంచి పారాచూట్లతో 15 మంది అటవీ సిబ్బంది దిగారు. కింద ఇంకొకరు కలిశారు. చూడబోతే చిన్న మంటే. కానీ అది గడ్డి నిండిన నిటారు వాలు మీదికి ఎక్కగానే వాళ్ల వెనక తరుముకుంటూ వచ్చింది. పరుగెత్తినవాళ్లలో ఇద్దరే బయటపడ్డారు. బృంద నాయకుడు వాగ్ డాడ్జ్ తన ముందున్న గడ్డికి తానే నిప్పంటించి, కాలిన ఆ బూడిదలో పడుకుని బతికాడు. మిగతా 13 మంది ప్రాణాలు పోయాయి.

ఆ మంట అంత వేగంగా ఎలా పరుగెత్తింది? ఆ రహస్యం తెలుసుకోవడానికి, అడవి మంటల పరిశోధనకు ఆద్యుడైన హ్యారీ గిస్‌బోర్న్ అదే ఏడాది నవంబరులో ఆ లోయకు వెళ్లారు. గుండె జబ్బున్నా వినలేదు. ఆ కొండ దిగుతూ గుండెపోటుతో అక్కడే కన్నుమూశారు. ప్రశ్న మాత్రం మిగిలింది.

1960లో మోంటానాలోని మిసౌలా పట్టణంలో అగ్ని పరిశోధన కేంద్రం తెరిచారు. అందులో చేరిన రిచర్డ్ రోథర్మెల్ అటవీ శాస్త్రవేత్త కాదు, విమానాల ఇంజినీరింగ్ చదివిన మనిషి. గాలి సొరంగంలో విమానం నమూనాను పరీక్షించినట్టే ఆయన ఎండుటాకుల్నీ పుల్లల్నీ పరిచి కాల్చడం మొదలుపెట్టారు. గాలి పెంచి ఓసారి, తగ్గించి ఓసారి... తేమ మార్చి ఓసారి, వాలు మార్చి ఓసారి. వాటన్నిటి సారాన్నీ 1972లో సమీకరణాలుగా ప్రచురించారు. యాభై ఏళ్లు దాటినా ప్రపంచంలోని చాలా కార్చిచ్చు ప్రోగ్రాముల గుండెకాయ ఇప్పటికీ అదే.

కట్టెలపొయ్యి లెక్క

పెద్ద పెద్ద సమీకరణాలని కంగారు పడక్కర్లేదు. కట్టెలపొయ్యి ముట్టించిన అమ్మమ్మలందరికీ తెలిసిన సంగతే అది. ముందు ఎండుటాకులు అంటుకుంటాయి, తర్వాత పుల్లలు, ఆ తర్వాతే దుంగ. పచ్చికట్టె అయితే ముందు దాని తడి ఆరాలి. పుల్లల్ని మరీ కుక్కేస్తే గాలాడక పొగే తప్ప మంట రాదు. మరీ ఎడంగా వేస్తే ఒకదాని వేడి ఇంకోదానికి అందదు. రోథర్మెల్ చేసింది దీన్ని అంకెల్లో పెట్టడమే. ఇదొక రాబడి, ఖర్చుల పద్దు అనుకోండి. కాలుతున్న పుల్ల పక్క పుల్లకు ఇచ్చే వేడి రాబడి. ఆ పక్క పుల్ల అంటుకోవడానికి కావాల్సిన వేడి ఖర్చు. ఒకదాన్ని రెండోదానితో భాగిస్తే మంట వేగం తెలుస్తుంది. గాలి, వాలు రెండూ రాబడిని పెంచుతాయి. ఎందుకంటే మంట ముందుకు వాలి ఎదుటి గడ్డిని ముందే వేడెక్కిస్తుంది. తేమ ఖర్చును పెంచుతుంది. మాన్ గల్చ్‌లో రాబడి ఎక్కువ, ఖర్చు బహుతక్కువ. 1993లో రోథర్మెల్ ఆ రోజు మంట నడకను గంటలు, నిమిషాలతో సహా లెక్కగట్టి, అది ఆ కుర్రాళ్లు గెలవగలిగే పరుగుపందెం కాదని తేల్చారు.

ఒకచోటి వేగం తెలిసింది సరే, మరి కొండంతా ఎలా పాకుతుంది? ఆ పని 1990లలో మార్క్ ఫిన్నీ అనే పరిశోధకుడు చేసి, ‘ఫార్‌సైట్’ అనే ప్రోగ్రామ్ తయారుచేశారు. కాంతి ఎలా వ్యాపిస్తుందో చెప్పడానికి 17వ శతాబ్దంలో హైగెన్స్ అనే శాస్త్రవేత్త వాడిన ఊహే దీనికీ ఆధారం. చెరువులో రాయి వేస్తే అల గుండ్రంగా విస్తరిస్తుంది కదా. మంట అంచు మీది ప్రతి చుక్కా అలాంటి ఒక రాయి. ఒక్కో చుక్క నుంచీ ఓ చిన్న అల పుడుతుంది. గాలి ఉంటే అది గుండ్రంగా కాకుండా కోడిగుడ్డులా సాగుతుంది. ఆ అలలన్నిటి బయటి అంచులూ కలిపి గీత గీస్తే, కాసేపటి తర్వాత మంట ఎక్కడుంటుందో అదే చెబుతుంది.

ఇందుకోసం అమెరికా అడవులన్నిటినీ 30 మీటర్ల గళ్లుగా విడగొట్టారు. ఒక్కో గడికీ అక్కడి వాలెంత, గడ్డా పొదలా చెట్లా, కొమ్మలు నేలకు ఎంత ఎత్తులో ఉన్నాయన్న వివరాలు ఎక్కించారు. ఇక ఆట మొదలు! ఒకే వేసవిని పదివేల రకాలుగా ఊహించి నిప్పు పెట్టి చూస్తారు. పదివేల వేసవుల్లో ఒక గడి వందసార్లు కాలిందనుకోండి, అక్కడ ఏ ఏడాదైనా మంట వచ్చే అవకాశం నూటికి ఒకటన్నమాట. మంట ఎప్పుడొస్తుందో ఈ లెక్క చెప్పదు. ఎక్కడ వస్తే ఎవరికి ముప్పో చెబుతుంది.

గీత దాటిన మంటలు

లెక్క ఉంది కదా అని నిప్పు మాట వింటుందా? 1988 వేసవి దానికి సమాధానం చెప్పింది. ఎల్లోస్టోన్ జాతీయ పార్కులో మెరుపులకు పుట్టే మంటల్ని వాటి దారిన వదిలేయడం 1972 నుంచీ అలవాటు. ఆ ఏడు కనీవినీ ఎరగని కరవు. రోథర్మెల్ సహా నిపుణులంతా ఆగస్టు మొదట్లో కూర్చుని, వేసవి ముగిసేలోపు మంటలు ఎందాకా వెళ్తాయో పటం మీద గీశారు. కొద్దిరోజులకే అవి ఆ గీతల్ని దాటేశాయి. ఆగస్టు 20న ఒక్కరోజులోనే లక్షన్నర ఎకరాలకు పైగా కాలిపోయింది. ఆ వేసవిలో మొత్తం పాతికవేల మంది సిబ్బంది పనిచేశారు. 12 కోట్ల డాలర్లు ఖర్చయింది. అయినా మంటల్ని నిలువరించింది సెప్టెంబరు 11న కురిసిన మంచే. అప్పటికే పార్కులో మూడో వంతుకు పైగా మంటల బారిన పడింది.

తప్పెక్కడ? నేల మీద పాకే మంటకు సరిపోయే లెక్క, చెట్ల తలల మీదుగా దూకే మంటకు చాలలేదు. గాలికెగిరిన నిప్పురవ్వలు మంట కన్నా ఎంతో ముందుకు వెళ్లి కొత్త మంటలు పుట్టించాయి. రోథర్మెల్ ఆ అనుభవాన్ని వృథా పోనివ్వలేదు. 1991లో కొమ్మల మంటల కోసం మరో పద్ధతి ప్రచురించారు. ఇప్పటికీ ఈ రంగంలో పనిచేసేవాళ్లు నమూనా చెప్పిందాన్ని జోస్యంలా తీసుకోరు. ‘ఇది చేస్తే అది తగ్గొచ్చు’ అనే పోలికకే ఎక్కువగా వాడతారు.

ఎన్ని ఎకరాలన్నది కాదు...

ఆ పోలిక ఎంత విలువైనదో ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రాన్ని చూస్తే తెలుస్తుంది. 2009 ఫిబ్రవరి 7న అక్కడ చెలరేగిన మంటల్లో 173 మంది చనిపోయారు. ఒక్క కిల్‌మోర్ ఈస్ట్ మంటే 119 మందిని పొట్టన పెట్టుకుంది. ఆ మంట ఎటు వెళ్తుందో నిపుణులు ఆ మధ్యాహ్నమే అంచనా వేశారు. ఆ హెచ్చరిక మాత్రం జనానికి వేళకు చేరలేదని తర్వాతి విచారణలో తేలింది. ఎంత గొప్ప లెక్కయినా గదిలోనే ఉండిపోతే ఎవరికి లాభం!

విచారణ జరిపిన రాయల్ కమిషన్ ఇంకో సిఫార్సు కూడా చేసింది. ఏటా ప్రభుత్వ భూముల్లో కనీసం నూటికి అయిదు వంతులు ముందుగానే, చల్లటి వేళ చూసి, అదుపులో కాల్చెయ్యాలి. అంటే ఏటా నాలుగు లక్షల హెక్టార్లకు కాస్త తక్కువ. అటవీ సిబ్బంది పనిలోకి దిగారు. కానీ అంత లెక్క చూపించాలంటే ఎక్కడ కాల్చడం తేలిక? ఊళ్లకు దూరంగా, మనుషులు లేనిచోట! ఊరి పక్కన వంద ఎకరాలు కాల్చాలంటే రోజుల తరబడి కాపలా, పొగ వస్తోందని ఫిర్యాదులు. దూరాన వేల ఎకరాలు కాలిస్తే లెక్క నిండుతుంది. ఊరికి మాత్రం ఒరిగేదేమీ లేదు.

ఈ తిరకాసును విప్పడానికి మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయానికి చెందిన కెవిన్ టోల్‌హర్స్ట్ బృందం తయారుచేసిన ‘ఫీనిక్స్’ అనే ప్రోగ్రామ్ పనికొచ్చింది. రాష్ట్రమంతటా ఉత్తుత్తి మంటలు పెట్టి, ఎన్ని ఇళ్లు దెబ్బతింటాయో లెక్కించారు. అడవిలో ఏ మంటా పెట్టకుండా, ఏమీ నరకకుండా వదిలేస్తే వచ్చే ముప్పును నూరుగా తీసుకున్నారు. ఫలానా చోట కాలిస్తే ఆ నూరు ఎంతకు దిగుతుందో చూశారు. 2015లో ప్రభుత్వం ఎకరాల లక్ష్యాన్ని పక్కన పెట్టి, ముప్పును 70కి మించనివ్వకూడదన్న లక్ష్యాన్ని ప్రకటించింది. ఎంత కాల్చారని కాకుండా, కాల్చడం వల్ల ఎంతమంది గండం తప్పిందని అడగడమన్నమాట. ఒక ప్రభుత్వం తన పనిని తానే ఇలా కొలుచుకోవడం చిన్న విషయం కాదు.

వందేళ్ల తర్వాతి అడవి

మంట ఒక మధ్యాహ్నం కథ. అడవిది వందల ఏళ్ల కథ. ఇవాళ నరికిన పొద పదేళ్లకు మళ్లీ మొలుస్తుంది. వాతావరణం వేడెక్కుతోంది. మరి 50, 100 ఏళ్ల తర్వాత ఆ నేల ఎలా ఉంటుంది? విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ మ్లాడెనాఫ్ బృందం 1990లలో మొదలుపెట్టిన ‘ల్యాండిస్’ నమూనా ఆ పని మీదే ఉంది. అందులో ఒక్కో గడిలో ఏ జాతి చెట్లు, ఎంత వయసువి ఉన్నాయో ఉంటుంది. కాలం ముందుకు జరుగుతున్నకొద్దీ అవి పెరుగుతాయి, విత్తనాలు చల్లుతాయి, పురుగు పట్టి చస్తాయి, కాలిపోతాయి. మనిషి నరికేవి, నాటేవి కూడా లెక్కలోకి వస్తాయి.

కాలిఫోర్నియా, నెవాడాల సరిహద్దులోని టాహో సరస్సు చుట్టూ ఉన్న అడవికి ఏంచేయాలో తేల్చుకోవడానికి దీన్నే వాడారు. మంటలు ఆర్పుతూ కూర్చుంటే ఒక దారి, ఊళ్ల పక్కన చెట్లు పలచబరిస్తే ఒకటి, అడవంతా పలచబరిస్తే ఇంకొకటి, కావాలని మంటలు పెడితే మరొకటి... ఇలా రకరకాల దారుల్లో అడవిని నడిపించి చూశారు. పొగ ఎంత, సరస్సు నీళ్లు తేటగా ఉంటాయా, గుడ్లగూబలకు గూడు మిగులుతుందా, ఖర్చెంత- ఇవన్నీ పక్కపక్కన పెట్టి పోల్చారు. అన్నిటికీ మంచిదైన దారి ఏదీ ఉండదు. కావాలని పెట్టే మంటకు ఏటా కొద్దికొద్దిగా పొగ భరించాలి. వద్దనుకుంటే ఏదో ఒక ఏడాది దాన్నంతా ఒకేసారి పీల్చాల్సి రావచ్చు. ఏది కావాలో చెప్పాల్సింది మాత్రం కంప్యూటర్ కాదు, అక్కడ ఉండే జనమే.

ఆ లోగానే, 2021 ఆగస్టులో కాల్డోర్ కార్చిచ్చు సియర్రా పర్వతశ్రేణిని దాటి టాహో వైపు వచ్చేసింది. సౌత్ లేక్ టాహో పట్టణాన్ని మొత్తం ఖాళీ చేయించారు. అప్పటికే చెట్లు పలచబరిచిన చోట్ల మంట కొమ్మల మీది నుంచి నేలకు దిగింది. దాంతో సిబ్బందికి దగ్గరికెళ్లి ఆర్పే వీలు చిక్కింది. పట్టణం దక్కింది.

మన సంగతేంటి?

అడవి మంటల కబురు మనకు కొత్త కాదు. 2014 మార్చిలో తిరుమల శేషాచలం కొండలు అంటుకున్నప్పుడు వైమానిక దళ హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. నల్లమలలో వేసవి వచ్చిందంటే అటవీ సిబ్బందికి కంటిమీద కునుకుండదు. దేశంలోని అడవుల్లో నూటికి 36 వంతులకు పైగా తరచూ మంటల ముప్పులో ఉన్నట్టు 2019 నాటి అటవీ సర్వే నివేదిక చెప్పింది.

మంట పుట్టాక కబురందించడంలో మనం వెనకబడి లేం. అందులో హైదరాబాద్‌కీ పెద్ద వాటా ఉంది. జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రానికి షాద్‌నగర్‌లో ఉన్న గ్రౌండ్ స్టేషన్ ఉపగ్రహాలు పంపే సమాచారాన్ని అందుకుంటుంది. డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా దాన్ని వడకట్టి, ఏ బీట్‌లో మంట ఉందో సిబ్బంది ఫోన్లకు సందేశం పంపుతుంది. 2004లో మొదలైన ఈ ఏర్పాటు ఇప్పుడు 375 మీటర్ల గడిలో మంటను కూడా పట్టేసేంతగా మెరుగుపడింది.

అయితే ఇది మంట పుట్టాక మోగే గంట. పుట్టకముందు వేసే లెక్క వేరు. అమెరికా నమూనాను తెచ్చి నల్లమలకు తగిలిస్తే కుదరదు. అక్కడివి పైన్ చెట్లు, మనవి ఆకురాల్చే అడవులు. మన దగ్గర ఎక్కువగా రాలిన ఆకుల్లో, బోదగడ్డిలో నేల మీద పాకే మంటలే. వాటిలో చాలావరకు మెరుపులకు కాదు, మనుషుల చేతుల్లో పుడతాయి. ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్టు కింద శుభ్రం చేసే నిప్పు, తునికాకు చిగుళ్ల కోసం పెట్టే నిప్పు, పశువుల మేతకు పెట్టే నిప్పు, దారినపోతూ పారేసిన బీడీ ముక్క... ఈ సంగతులేవీ మిసౌలా లెక్కల్లో ఉండవు. మన ఆకులెంత మందాన రాలతాయో, ఏ నెలలో ఎంత ఎండుతాయో మన నేల మీదే కొలవాలి. ఎవరు ఎప్పుడు ఎందుకు నిప్పు పెడతారో అడవిలో ఉండే చెంచుల్ని, కోయల్ని, పశువుల కాపరుల్ని అడిగి తెలుసుకోవాలి. ఆ రెండూ ఉంటేనే లెక్క మనదవుతుంది.

దానివల్ల ఒరిగేదేమిటంటారా? ఏటా వేసవికి ముందు ఫైర్‌లైన్లు తీస్తారు. అంటే మంట దాటిపోకుండా గడ్డీ ఆకులూ ఊడ్చి నేలను ఖాళీగా ఉంచే దారులన్నమాట. ఒక బీట్ ఆఫీసర్ చేతిలో కొద్దిమంది ఫైర్‌వాచర్లు, కొద్ది రోజులు, కిలోమీటర్ల కొద్దీ అడవి. ముందు ఏ గుట్ట దగ్గర మొదలుపెట్టాలి, ఏ గూడెం వైపు గట్టిగా తీయాలి, దేన్ని ఈ ఏటికి వదిలేసినా ఫర్వాలేదు? ఇప్పటిదాకా అనుభవం చెప్పిందే జవాబు. దానికి ఈ లెక్క కూడా తోడైతే, అంతే మంది, అంతే రోజుల్లో, ఇంకొన్ని గూడేలకు భరోసా దొరుకుతుంది.